గడిచిన ఖర్చా, మిగిలిన పంటా?

ఇంటి లెక్కలు



ఈ నెల మాకు వచ్చిన ఉత్తరాలలో ఒకటి మమ్మల్ని చాలాసేపు ఆలోచింపజేసింది. ప్రకాశం జిల్లాలోని ఒక గ్రామ సంఘ పెద్ద వ్రాసిన ఉత్తరమది. పేరు, ఊరు ప్రచురించవద్దని కోరారు గనుక వ్రాయడం లేదు. ఆయన కుమారుడు అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో ఉద్యోగం చేస్తున్నాడు. ఇక్కడ చిన్న కుమార్తెకు వివాహం నిశ్చయమైంది. అప్పుడు కుమారుడు ఫోనులో, “నాన్నా, నా దగ్గర పందెపు కారు ఉంది. దాని మీద అరవై వేల డాలర్లు పెట్టాను. అది అమ్మి చెల్లెలి పెళ్లికి పంపిస్తాను” అని మాట ఇచ్చాడట. ఆ మాట మీద పెద్దాయన భోజనాల హాలుకు అడ్వాన్సు కట్టారు, బంగారానికి కొంత సొమ్ము ఇచ్చారు. నాలుగు నెలలు గడిచాయి. ఇప్పటివరకు వచ్చిన బేరాలలో పెద్దది 19,000 డాలర్లు.

ఆ తండ్రి మూడు ప్రశ్నలు అడిగారు. మావాడు మాతో అబద్ధమాడాడా? లేక అక్కడివారు వాణ్ణి మోసం చేస్తున్నారా? మంచి ధర వచ్చేదాకా ఎకరం పొలం తాకట్టు పెట్టి పెళ్లి జరిపించమంటారా?

పందెపు కారు గురించి మన పత్రికలో వ్రాయడమేమిటని కొందరికి అనిపించవచ్చు. కాని ఈ ఉత్తరంలో ఉన్నది కారు ఒక్కటే కాదు. ఒక తండ్రికి కుమారుని మీద ఉన్న నమ్మకం ఉంది, ఒక ఎకరం పొలం ఉంది. అందుచేత తెలిసినవారిని అడిగి, లెక్క వేసి, ఈ జవాబు వ్రాస్తున్నాము.

ఇది ఎలాంటి కారు?

అమెరికాలో డ్రాగ్ రేసు అనే పందెం ఉంది. రెండు కార్లు పక్కపక్కన నిలబడతాయి. మధ్యలో ఒక స్తంభానికి పచ్చ, పసుపు, ఎర్ర దీపాలు ఉంటాయి. దానిని అక్కడివారు క్రిస్మస్ చెట్టు అంటారు. 1963 నుండి ఆ దీపాలు వాడుకలో ఉన్నాయి. పచ్చదీపం వెలగగానే రెండు కార్లు తిన్నని బాట మీద దూకుతాయి. దూరం పావు మైలు, అంటే 1,320 అడుగులు. కొన్ని మైదానాలలో అందులో సగం, 660 అడుగులే. మన కళ్లు మూసి తెరిచేలోగా, పది పన్నెండు సెకన్లలో, పందెం ముగిసిపోతుంది.

కుర్రవాళ్లు వీధులలో ఇలా పరుగులు పెట్టి ప్రాణాలు పోగొట్టుకోకుండా, ఈ పందేలను నియమాలున్న మైదానాలకు తేవాలని వాలీ పార్క్స్ అనే ఆయన 1951లో కాలిఫోర్నియాలో నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ స్థాపించారు. నేడు అక్కడి పందేలలో ఎక్కువ భాగం ఆ సంస్థ నియమాల ప్రకారమో, అలాంటి నియమాల ప్రకారమో జరుగుతాయి. ఆ మైదానాలలో ఆదివారం ఉదయం ఆరాధన జరిపించే చాప్లిన్లు కూడా ఉన్నారు. రేసర్స్ ఫర్ క్రైస్ట్ అనే సేవ ఆ పని చేస్తున్నది. కాబట్టి ఆ పందెం బాటలకు వెళ్లేవారందరూ దారి తప్పినవారని ఈ తండ్రి అనుకోనక్కరలేదు.

కుమారుని కారు 1989 నాటి ఫోర్డ్ మస్టాంగ్. 1979 నుండి 1993 వరకు తయారైన ఆ తరం మస్టాంగ్ తేలికగా ఉంటుంది, విడి భాగాలు తేలికగా దొరుకుతాయి. అందుకే డ్రాగ్ పందేల వారికి అదంటే ఇష్టం. అబ్బాయి దానిలో ఇంజను మార్చాడు, గేర్ల పెట్టె మార్చాడు, వెనుక ఇరుసు మార్చాడు, లోపల ఇనుప గొట్టాలతో పంజరం కట్టించాడు. కంపెనీ నుండి వచ్చిన కారులో మిగిలింది పైడొక్కు మాత్రమే అనవచ్చు.

బండలాగే జత

ప్రకాశం, గుంటూరు జిల్లాలవారికి ఈ విషయం మేము చెప్పనక్కరలేదు. బండలాగుడు పోటీలకు ఒంగోలు జాతి ఎడ్లను మేపే రైతును చూడండి. ఉలవలు పెడతాడు, నూనె రాస్తాడు, ఎండకు వానకు కాపాడతాడు, జతకు ఒక మనిషిని పెడతాడు. మూడేళ్లు మేపాక ఖర్చంతా కాగితం మీద వేస్తే గుండె ఆగినంత పనవుతుంది. ఆ జతను సంతకు తోలుకొని పోతే దుక్కి దున్నే రైతు ఏమంటాడు? “అయ్యా, నాకు బండ లాగే ఎద్దు వద్దు, అరక లాగే ఎద్దు కావాలి. నీ ఉలవల ఖర్చు నేనెందుకు ఇవ్వాలి?” అంటాడు. మంచి ధర ఇచ్చేవాడు మరొక పోటీదారుడే. అతడైనా మీరు పెట్టిన దాణా లెక్క అడగడు. పళ్లు చూస్తాడు, గిట్టలు చూస్తాడు, ఎంత దూరం లాగిందో అడుగుతాడు, ఇంకా ఎన్ని పోటీలు లాగుతుందో లోలోపల లెక్క వేసుకుంటాడు.

డ్రాగ్ కారు సంగతీ అంతే. ఉద్యోగానికి వెళ్లివచ్చే మనిషికి అది పనికిరాదు. చాలామట్టుకు రోడ్డు మీద నడపడానికే వీలుండదు. మామూలు కారుకు అప్పిచ్చే బ్యాంకులు ఇలాంటి కారుకు సాధారణంగా అప్పివ్వవు, అందుచేత కొనేవాని చేతిలో రొక్కం ఉండాలి. కారును లాక్కొని పోవడానికి ట్రైలరు ఉండాలి. అలాంటి కొనుగోలుదారులు వందలో ఒకరైనా ఉండరు. కొనేవారు తక్కువైన చోట ధర మన ఖర్చును బట్టి నిలవదు.

అక్కడ పాత కార్ల ధర తెలుసుకోవడానికి కెల్లీ బ్లూ బుక్ అనే పుస్తకాన్ని 1926 నుండి వాడుతున్నారు. కంపెనీ, సంవత్సరం, తిరిగిన మైళ్లు చూసి ధర చెబుతుంది. అయితే ఇంత మార్చిన కారుకు ఆ పుస్తకం పనికిరాదు. అందులోని ధర కంపెనీ కారుకే గాని, మనం తయారు చేసుకున్న కారుకు కాదు.

ధర కట్టే మూడు దారులు

ఉత్తరంలో ఇచ్చిన వివరాలను బట్టి అబ్బాయి పెట్టిన ఖర్చు ఇది. కారు కొన్నది 6,000 డాలర్లు. ఇంజను 18,000. గేర్ల పెట్టె, దాని సామాను 5,000. వెనుక ఇరుసు 6,000. పంజరం, చట్రం పని 7,000. చక్రాలు, స్ప్రింగుల పని 6,000. ఇంధనం, కంప్యూటరు, మీటర్లు 4,000. సీటు, బెల్టులు, పారాచూటు 3,000. రంగు 5,000. మొత్తం 60,000 డాలర్లు. రసీదులన్నీ ఉన్నాయట. కాబట్టి మొదటి ప్రశ్నకు ఇక్కడే జవాబు వచ్చేసింది. కుమారుడు అబద్ధమాడలేదు. పెట్టిన సొమ్మునే చెప్పాడు. అయితే పెట్టిన సొమ్ము, తిరిగి వచ్చే సొమ్ము ఒకటే అనుకున్నాడు. అది అబద్ధం కాదు, పొరపాటు.

ఇక ధర ఎలా కట్టాలి? అనుభవమున్నవారు మూడు దారులు చూస్తారు.

మొదటిది, అలాంటి కార్లు ఎంతకు అమ్ముడుపోయాయో చూడడం. అడిగిన ధర కాదు, చేతులు మారిన ధర. ప్రకటనలో ఎవడైనా నలభై వేలని వ్రాయవచ్చు. ఆ ప్రకటన ఏడాదిగా అలాగే ఉన్నదంటే ఆ ధర తప్పని అదే సాక్ష్యం. అదే తరం కారు, అదే రకం ఇంజను, దగ్గర దగ్గర అదే వేగం ఉన్నవి నాలుగైదు చూడాలి. అబ్బాయి అలా విచారించగా 18,000 నుండి 26,000 మధ్య అమ్ముడైనట్టు తేలిందని తండ్రి వ్రాశారు.

రెండవది, విడదీసి అమ్మితే ఎంత వస్తుందో చూడడం. వాడిన భాగాలు చాలావరకు కొత్త ధరలో సగానికి కూడా పోవు. కూలీకి, రంగుకు పెట్టిన సొమ్ము అసలే తిరిగి రాదు. లెక్క చేసే పద్ధతి చూపడానికి ఉదాహరణగా వేద్దాము. ఇంజను 8,000, గేర్ల పెట్టె 2,500, ఇరుసు 3,000, చక్రాలు, స్ప్రింగులు 2,500, ఇంధనం, కంప్యూటరు 2,000, పంజరంతో మిగిలిన డొక్కు 7,000. మొత్తం 25,000. ఇంజను, గేర్లు తీసేసి చక్రాల మీద దొర్లే డొక్కును అక్కడ రోలర్ అంటారు, దానికి కూడా కొనేవారుంటారు. విడదీస్తే కొంచెం ఎక్కువ రావచ్చు గాని, నెలల తరబడి ఒక్కొక్క బేరం చూసుకోవాలి, పెట్టెలు కట్టి పంపాలి, చివరికి ఎవరూ కొనని సామాను షెడ్డులో మిగులుతుంది. పెళ్లి తేదీ దగ్గరపడినవారికి ఇది తగిన దారి కాదు.

మూడవది, అలాంటి కారును కొత్తగా కట్టుకోవాలంటే కొనేవానికి ఎంత అవుతుందో చూడడం. ఇది పై హద్దు మాత్రమే. ఎవడైనా తనకిష్టమైనట్టు కట్టుకోగలిగినప్పుడు, మరొకని ఇష్టప్రకారం కట్టిన దానికి అంత ఇవ్వడు.

మూడూ కలిపి చూస్తే ఈ కారు ధర 20,000 నుండి 25,000 డాలర్ల మధ్య ఉండవచ్చని మాకు తోస్తున్నది. అప్పుడు 19,000 బేరం మోసం కాదు. బేరమాడే మనిషి మొదట చెప్పే మాటే. సామెతల గ్రంథకర్త 20:14లో ఈ కొనుగోలుదారుని ఎప్పుడో చూపించాడు. కొనేటప్పుడు సరుకును తీసిపారేస్తాడు, బయటికి వెళ్లాక లాభం తలచుకొని మురిసిపోతాడు. అందుచేత కోపపడనక్కరలేదు, నిబ్బరంగా మాట్లాడితే చాలు.

ధరను నిలబెట్టేవి

ఆ హద్దులలో పైకి పోవడమా, కిందికి పోవడమా అన్నది కొన్ని కాగితాల మీద ఆధారపడి ఉంటుంది.

పందెపు బాటలో ప్రతి పరుగుకు ఒక చీటీ ఇస్తారు. మొదటి 60 అడుగులకు ఎంత పట్టింది, సగం దూరానికి ఎంత, పూర్తి దూరానికి ఎన్ని సెకన్లు, చివర వేగమెంత అని అందులో ఉంటుంది. “నా కారు చాలా వేగం” అనే మాటకన్నా ఆ చీటీ విలువైనది. ఇటీవలి చీటీలు పది ఉంటే మరీ మంచిది.

భద్రతా నియమాలు కూడా ధరను నిర్ణయిస్తాయి. ఇలాంటి పాత కారు పావు మైలును 9.99 సెకన్లలో గాని అంతకన్నా త్వరగా గాని పరుగెత్తితే, దాని చట్రాన్ని తనిఖీ చేయించి ముద్ర వేయించుకోవాలి. ఆ ముద్ర గడువు తీరితే కొనేవాడు తానే చేయించుకోవాలి గనుక ఆ ఖర్చు ధరలో తగ్గిస్తాడు. పట్టీల బెల్టులు తయారైన తేదీ నుండి రెండేళ్లే చెల్లుతాయి. చూడడానికి కొత్తగా ఉన్నా రెండేళ్లు దాటితే వాటికి విలువ లేదు.

ఇంజను ఎవరు కట్టారు, కట్టాక ఎన్ని పరుగులు తీసింది అన్నది మరొకటి. ఈ ఇంజన్లు మైళ్ల మీద కాక పరుగుల మీద అరుగుతాయి. పుస్తకంలో ప్రతి పరుగు వ్రాసి ఉంచినవాని మాటకు విలువ ఎక్కువ. కారు యాజమాన్య పత్రం సరిగా ఉన్నదా అనేది ఇంకొకటి. దానిని అక్కడ టైటిల్ అంటారు. అది లేకుండా అమ్మకపు చీటీ మాత్రమే ఉంటే కొనేవారు వెనుకాడతారు. పాత అసలు భాగాలు దాచి ఉంచితే అవి కూడా కారుతో ఇవ్వవచ్చు.

దాచకూడనిది

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. పాత గేదెను అమ్మేవాడు దాని తన్నుడు దాచితే కొన్నవానికి పాలు పోతాయి. పందెపు కారులో పగులు దాచితే కొన్నవాని ప్రాణం పోతుంది. గంటకు 130, 140 మైళ్ల వేగంలో అతుకు విడిపోతే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. పంజరానికి ఎక్కడైనా మళ్లీ అతుకు వేయించాడా, కారు ఎప్పుడైనా గోడకు కొట్టుకున్నదా, ఇంజను ఎప్పుడైనా పాడైందా, ఇవన్నీ కొనేవాడు అడగకముందే చెప్పాలి. కాగితం మీద వ్రాసి ఇవ్వాలి. అలా చెబితే వెయ్యి డాలర్లు తగ్గవచ్చు. తగ్గనివ్వండి. దొంగత్రాసు దేవునికి హేయమని చిన్నప్పటినుండి మన పిల్లలకు నేర్పుతున్నాము. త్రాసు కిరాణా కొట్టులోనే ఉండదు.

మన ఊళ్లలోనూ ఈ మాట వర్తిస్తుంది. జీపుకు బాడీ మార్చి, ఇంజను మార్చి అమ్మేవారున్నారు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, కంపెనీ నిర్దేశించి రిజిస్ట్రేషను పుస్తకంలోకి ఎక్కిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ సంగతి స్పష్టం చేసింది. అలా మార్చిన బండి కొంటే చిక్కులు కొన్నవానివే. కాబట్టి కొనేముందు పుస్తకాన్ని, బండిని పక్కపక్కన పెట్టి చూసుకోండి.

సంఘానికి ఇచ్చేస్తే?

అబ్బాయికి అక్కడి స్నేహితులు ఒక సలహా ఇచ్చారట. కారును ఏదైనా చర్చికి దానమిచ్చి, అరవై వేలు దానం చేసినట్టు పన్నులో చూపించుకొమ్మని. ఇది సరికాదు, చట్టం ఒప్పుకోదు కూడా. 2005 నుండి అక్కడ అమలులో ఉన్న నియమం ప్రకారం, 500 డాలర్లకు మించి చూపించే బండిని సంస్థ తాను వాడుకోకుండా, బాగు చేయకుండా అమ్మివేస్తే, దాతకు దొరికే మినహాయింపు ఆ అమ్మకంలో వచ్చిన సొమ్ము వరకే. రసీదుల లెక్క అక్కడ చెల్లదు.

ఈ నియమం చదివినప్పుడు మాకు లేవీయకాండము 27వ అధ్యాయం జ్ఞాపకం వచ్చింది. మ్రొక్కుబడిగా తెచ్చిన పశువుకైనా ఇంటికైనా వెల కట్టేది యాజకుడు. మంచిదో చెడ్డదో చూసి అతడు ఎంత అంటే అంతే. తెచ్చినవాడు తన ఇష్టం వచ్చిన వెల చెప్పుకోవడానికి లేదు. దేవునికి ఇచ్చేదానిలోనే లెక్క అంత ఖచ్చితంగా ఉండాలంటే, ప్రభుత్వానికి చూపే లెక్కలో మనం ఎలా ఉండాలి?

మా జవాబు

సహోదరుడా, మీ మూడు ప్రశ్నలకు మా జవాబు ఇది. మీ కుమారుడు అబద్ధికుడు కాడు. అతణ్ణి ఎవరూ మోసం చేయడం లేదు. పొలం తాకట్టు పెట్టవద్దు.

అరవై వేలు వస్తాయనే ఆశ మీద పొలం తాకట్టు పెడితే, ఆ అరవై వేలు ఎన్నటికీ రావు, వడ్డీ మాత్రం నెల నెలా వస్తుంది. ఇరవై వేలకు పైగా ఎంత వస్తే అంతకు, నిజం చెప్పి అమ్మమనండి. అక్కడి పందెం బాటలో చాప్లిన్‌గా ఉన్న సేవకుణ్ణి కలుసుకొని, కారు తనిఖీ చేయగల నమ్మకమైన మెకానిక్ ఎవరో అడగమనండి. కొనేవారిలో ఒకరికి తొందర ఉండి, మరొకరు ఇంకా చూస్తామంటే, తొందర ఉన్నవానితో మాట్లాడమనండి. పందేల కాలం మొదలయ్యే ముందు అడిగేవారు ఎక్కువగా ఉంటారు, ముగిశాక తగ్గుతారు. అది కూడా చూసుకోమనండి.

వివాహం సంగతి. వచ్చిన సొమ్ముకు తగినట్టు వివాహాన్ని తగ్గించుకోండి. హాలు అడ్వాన్సు పోయినా ఫరవాలేదు, చర్చి ఆవరణలో పందిరి వేసి సంఘమంతా కలిసి వండి వడ్డించిన పెళ్లిళ్లు మనకు తెలియనివి కావు. ఆ సొమ్ములో కట్నమేమైనా ఉన్నదేమో మీరు వ్రాయలేదు. ఉంటే అది ఏ ధరకు అమ్మిన కారుతోనైనా ఇవ్వకూడని సొమ్మే. గోపురం కట్టబోయేవాడు ముందు కూర్చుండి లెక్క చూసుకోవాలని ప్రభువు లూకా 14వ అధ్యాయంలో చెప్పిన మాట తండ్రికీ కుమారునికీ సమానంగా వర్తిస్తుంది.

మరొక మాట. కుమారునికి ఈసారి ఫోను చేసినప్పుడు సొమ్ము సంగతితో మొదలు పెట్టకండి. అరవై వేలు పెట్టి తన చేతులతో కట్టుకున్న కారును చెల్లెలి కొరకు అమ్ముతానన్నాడు. ఆ మాటకు అరవై వేల విలువ ఉన్నది. కారుకు మాత్రమే లేదు.

లేవీయకాండము 25వ అధ్యాయంలో భూమి అమ్మకానికి దేవుడు ఇచ్చిన నియమం ఈ నెల అందరూ చదవాలని కోరుతున్నాము. సునాద సంవత్సరానికి ఇంకా ఎన్ని పంటలు మిగిలి ఉన్నాయో లెక్కించి, దానిని బట్టి ధర కట్టమన్నాడు. మిగిలిన ఏండ్లు ఎక్కువైతే ధర ఎక్కువ, తక్కువైతే తక్కువ. అమ్మేవాడు ఆ భూమిలో ఎంత చెమటోడ్చాడని అక్కడ అడగలేదు. గడిచిన పంట తిన్నవాడు తిన్నాడు. కొనేవాడు మిగిలిన పంటకే సొమ్ము ఇస్తాడు. కారైనా, ఎడ్ల జత అయినా, ఇల్లయినా అంతే. అబ్బాయి ఆ కారుతో ఆనందించిన సంవత్సరాలు అతడు తిన్న పంట. దాని వెల మరొకడు ఇవ్వడు.

అమ్మబోయే వస్తువు మీ ఇంట్లో ఏదైనా ఉంటే, ఈ వారం కుటుంబ ప్రార్థన తరువాత ఒక కాగితం తీసుకొని రెండు గీతలు గీయండి. ఒకవైపు పెట్టిన ఖర్చు, మరొకవైపు మిగిలిన పంట. రెండవవైపు చూసి ధర చెప్పండి. మొదటివైపు చూసి దేవునికి స్తోత్రం చెప్పండి, అంత ఖర్చు పెట్టగల శక్తిని ఇచ్చింది ఆయనే గనుక.

ఆ తండ్రి కొరకు, కుమారుని కొరకు, వధువు కాబోతున్న ఆ సహోదరి కొరకు ప్రార్థించండి. ప్రభువు మీ కుటుంబాలను దీవించును గాక.